జవాబు వచ్చాక సరిచూడండి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



లెక్కల పరీక్షలో నాకు ఎప్పుడూ ఒకటో రెండో మార్కులు తగ్గేవి. జవాబు సరైనదే కానీ, కింద ‘సరిచూచుట’ రాసేవాణ్ణి కాదు. ‘‘జవాబు వస్తే అయిపోలేదురా, అది నిజమో కాదో చూడాలి’’ అనేవారు మాస్టారు. ఆ మాట పెడచెవిన పెట్టి నా మొదటి ఉద్యోగంలో ఏం చేశానో చెబుతాను.

1992లో ఒక కంపెనీలో సన్-3 వర్క్‌స్టేషన్ల మీద పని చేసేవాణ్ణి. అందులో మోటరోలా 68020 ప్రాసెసర్ ఉండేది. దశాంశాల లెక్కలు, అంటే ఫ్లోటింగ్ పాయింట్ లెక్కలు, పక్కనే ఉండే 68881 అనే చిప్ చేసేది. ఆ చిప్ లేని మెషీన్‌లో అదే పని సాఫ్ట్‌వేర్ నెమ్మదిగా చేసేది.

మీటరు పొడవు పట్టీ మీద 0.1 మీటరుకొకటి చొప్పున పది రంధ్రాలు వేయించే ప్రోగ్రామ్ రాశాను. సున్నా దగ్గర మొదలుపెట్టి, 0.1 కూడుతూ, 1 కన్నా తక్కువ ఉన్నంత వరకు రంధ్రం వేయమన్నాను. చిప్ ఉన్న మెషీన్‌లో పది వచ్చాయి. తర్వాత దాన్నే చిప్ లేని మెషీన్ కోసం మళ్లీ కంపైల్ చేసి, పరీక్షించకుండా ఇచ్చేశాను. పట్టీకి పదకొండు రంధ్రాలు పడ్డాయి. సరుకంతా వృథా.

కారణం ఇదీ. మనకు 1ని 3తో భాగిస్తే 0.333 అంటూ తెగనట్టే, కంప్యూటర్ వాడే రెండంకెల పద్ధతిలో 0.1 తెగదు. ఎక్కడో ఒకచోట కత్తిరించాలి. 64 బిట్లలో 0.1ని పదిసార్లు కూడితే 0.9999999999999999 వస్తుంది. అది 1 కన్నా తక్కువే కాబట్టి ఇంకో రంధ్రం! 68881 మాత్రం తన లోపల 80 బిట్లతో లెక్కిస్తుంది. అక్కడ మొత్తం 1 కన్నా రవ్వంత ఎక్కువ వచ్చి, పది దగ్గరే ఆగింది.

రెండు మెషీన్లదీ తప్పు లేదు. నేను ఇక్కడ పదో తరగతి పాసైన 1985లోనే వెలువడిన ఐఈఈఈ 754 ప్రమాణం ఆ రెండు పద్ధతులనూ ఒప్పుకుంటుంది. తప్పు నాది. మన బెల్లం మార్కెట్‌లో గుమస్తాగా చేసిన మా నాన్న దిమ్మలు ఎన్నో ఒకచోట, తూకం ఎంతో ఇంకోచోట రాసేవారు. తూకం చూసి దిమ్మల సంఖ్య ఊహించేవారు కాదు. నేనూ రంధ్రాలను ఒకటి, రెండు అని లెక్కపెట్టి, ఆ సంఖ్యను 0.1తో గుణించి ఉండాల్సింది.

చిప్‌లోనే తప్పుండే రోజులూ ఉంటాయి. 1994లో అమెరికాలో థామస్ నైస్లీ అనే లెక్కల ప్రొఫెసర్ తన లెక్కలను సరిచూసుకుంటుంటే పెంటియమ్ భాగహారంలో తేడా కనిపించింది. చిప్ లోపలి పట్టికలో కొన్ని గడులు ఖాళీగా ఉండిపోయాయి. ఇంటెల్‌కు 47.5 కోట్ల డాలర్ల ఖర్చు తగిలింది.

ఇప్పుడు మా ఇంట్లో పాత సన్-3/60 ఒకటి బాగుచేసి పెట్టుకున్నాను. రిపేరు చేసిన ప్రతిసారీ ‘పారనోయా’ అనే ప్రోగ్రామ్ నడుపుతాను. విలియం కహాన్ రాసిన ఆ పరీక్ష కూడిక, గుణకారం, భాగహారం, వర్గమూలం అన్నిటినీ గుచ్చి గుచ్చి అడిగి, చిన్న లోపమా పెద్ద లోపమా చెబుతుంది. కానీ నా 1992 నాటి తప్పును అదీ పట్టుకోలేదు. దాన్ని నేనే సరిచూసుకోవాలి.

ఆ రోజు మా పై అధికారి ‘‘నేను చూడకుండా సంతకం పెట్టాను’’ అని నింద తన మీద వేసుకున్నారు. నేను పక్కనే నిలబడి నోరు విప్పలేదు. ఆయన ఇప్పుడు లేరు. ముప్పై ఏళ్లు దాటాక, ఆయనకు చెప్పాల్సిన మాట మీ ముందు చెబుతున్నాను: తప్పు నాదే.

పిల్లలూ, ఆ మెషీన్ ఇవాళ మన ల్యాబ్‌లో ఉంది. సాయంత్రం వరకు ఉంటాను. రండి, 0.1ని పదిసార్లు కూడి చూద్దాం. జవాబు వచ్చాక సరిచూద్దాం.

సెలవు.