టెలికాం ఇంజనీరు కాగోరు యువతకు నాలుగు మాటలు

(శతాబ్ది ఉత్సవాల యువజన సభలో చేసిన ప్రసంగ పాఠము)



మేము ముగ్గురమూ ఈ సంఘములోనే పెరిగి, ఇంచుమించు ఒకే కాలములో టెలికాం రంగములో ప్రవేశించినవారము. ఒకరిది కేబుళ్ళ పని, ఒకరిది టవర్ల పని, ఒకరిది రూటర్ల పని. నిలబడి మాట్లాడేది ఒక్కరమే అయినా, మాట మాత్రము ముగ్గురిదీ.

ఆరాధన ముగిసిన తరువాత తల్లులు మమ్మును తరచుగా అడిగే ప్రశ్న ఒకటున్నది. “బాబూ, మా వాడు నెట్‌వర్క్ ఇంజనీరు అవుతానంటున్నాడు. అది నిలిచే ఉద్యోగమేనా?” అని. న్యాయమైన ప్రశ్నే. మన దేశములో 1882 జనవరి 28న కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాలలో టెలిఫోను ఎక్స్‌ఛేంజీలు తెరిచారు. 1960లో కాన్పూరు, లక్నోల మధ్య ఆపరేటరు అవసరము లేని ఎస్.టి.డి. వచ్చినది. 1995 జూలై 31న తొలి సెల్‌ఫోను కాల్, అదే యేడు ఆగస్టు 15న ప్రజలకు ఇంటర్నెట్ వచ్చినవి. 2013 జూలైలో టెలిగ్రాము సేవ ముగిసినది. 2022 అక్టోబరులో 5జి ఆరంభమైనది. అనగా ఈ రంగములో యంత్రాలు నిలువవు, నేర్చుకునే మనిషి నిలుస్తాడు. జీవితాంతము విద్యార్థిగా ఉండుటకు ఇష్టపడేవారికే ఇది తగిన వృత్తి.

ఇక ప్రవేశమార్గము. పదవ తరగతి తరువాత పాలీసెట్ వ్రాసి పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేయవచ్చును. డిప్లొమా చేసినవారు ఈసెట్ ద్వారా ఇంజనీరింగు రెండవ సంవత్సరములో చేరవచ్చును. ఇంటరు ఎం.పి.సి. చదివిన వారికి ఎలాగూ ఇంజనీరింగు దారి ఉన్నది. దీనికి తోడు సీసీఎన్ఏ వంటి నెట్‌వర్కింగు పరీక్ష వ్రాస్తే ప్రయోజనకరము. దానికి డిగ్రీ ఉండాలనే నిబంధన లేదు. అయితే అది మూడేండ్లే చెల్లుతుంది. ఆపైన మరల నిరూపించుకోవలసినదే. ఇంటివద్ద సాధన చేయుటకు ప్యాకెట్ ట్రేసర్, వైర్‌షార్క్ అనే ప్రోగ్రాములు ఉచితముగా దొరుకుతాయి. ఉద్యోగము ఇప్పిస్తామని ముందుగా డబ్బు అడిగేవారిని మాత్రము దయచేసి గుమ్మము ఎక్కనీయవద్దు.

ఏమి నేర్చుకోవాలి? పుస్తకములో చివరి అధ్యాయమునకు పరుగెత్తకండి. కింది నుండి పైకి రండి. ఎక్స్‌ఛేంజీలో 48 వోల్టుల బ్యాటరీలు ఎందుకుంటాయో, ఎర్తింగు సరిగా లేకపోతే ఏమవుతుందో తెలుసుకోండి. ఆప్టికల్ ఫైబరులో, 1550 నానోమీటర్ల వెలుగు కిలోమీటరుకు సుమారు 0.2 డెసిబెల్ చొప్పున తగ్గుతుంది. ఆ లెక్కన 15 కిలోమీటర్లకు 3 డెసిబెల్, అంటే వెలుగు సగమే మిగులుతుంది. ఫైబరులో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. ఒక చివర నుండి వెలుగును పంపినప్పుడు, అది తెగినచోట తగిలి సెకనులో పదివేలవ వంతుకు తిరిగి వస్తే, రానుపోను 20 కిలోమీటర్లు. కనుక తెగినది 10 కిలోమీటర్ల దూరములో. ఓటీడీఆర్ అనే పరికరము చేసే పని ఇదే. ఈ చిన్న లెక్క నోటికి వచ్చినవాడు మట్టి త్రవ్వే కూలీల శ్రమను ఎంతో ఆదా చేస్తాడు.

ఇప్పుడు మా అనుభవములో ఒక సంగతి మనవి చేస్తాము. అది మాలో ఎవరిదో చెప్పము. ముగ్గురమూ పంచుకుంటాము.

2004 వర్షాకాలము. మాలో ఒకరు ఉద్యోగములో చేరి నాలుగు నెలలు. రాత్రి డ్యూటీ. ముప్పై కిలోమీటర్ల దూరములోని ఒక పట్టణానికి ఒకే ఫైబరు మీద బ్యాంకుల సమాచారము, ఆసుపత్రి సమాచారము, ఇతరులది కూడా పోతుంటుంది. ఒకరిది ఒకరితో కలియకుండా ఒక్కొక్కరికి ఒక్కొక్క అంకె ఉంటుంది. అక్కడి స్విచ్చిలో అనుమతించిన అంకెల పట్టీ ఉంటుంది. ఆ పట్టీలో కొత్తగా ఒక అంకె చేర్చాలి. ఆజ్ఞలో ‘యాడ్’ అనే మాట వ్రాయాలి. మనవాడు ఆ మాట మరిచాడు. అది లేకపోతే స్విచ్చి పాత పట్టీని చెరిపి, కొత్త అంకె ఒక్కటే ఉంచుకుంటుంది. హాజరు పుస్తకములో ఒక పేరు చేర్చబోయి తరగతి అంతటినీ కొట్టివేసినట్లయినది. పట్టణమంతా మూగపోయినది. మనవాడు కూర్చున్నచోటు నుండి ఆ స్విచ్చిని చేరే దారి కూడా ఆ పట్టీలోనిదే కనుక, దిద్దుకొనే వీలూ పోయినది.

పై అధికారి ఫోనులో అడిగారు: “ఏమైనా ముట్టుకున్నావా, తమ్ముడూ?”

“లేదండీ.”

ఆ ఒక్క మాట వలన ఏమయినదో వినండి. తండ్రి వయస్సున్న లైన్‌మన్ ఒకాయనను నిద్రలేపి, వర్షములో మోటారు సైకిలు మీద పంపారు. కారణము తెలియనిదే స్విచ్చిని ఆపితే మరల లేస్తుందో లేదోనని అధికారి భయము. ఆయన కరెంటు చూశాడు, బ్యాటరీలు చూశాడు, ఫైబరు శుభ్రము చేశాడు, కార్డులు పరీక్షించాడు. గంటన్నర గడిచినది. ఆసుపత్రి వారు ఫోను మీద ఫోను చేస్తున్నారు. చివరకు మనవాడు తట్టుకోలేక నిజము చెప్పాడు. కొత్త పట్టీ ఇంకా భద్రపరచలేదు కనుక, స్విచ్చిని ఆపి మరల వేస్తే పాత పట్టీతోనే లేచినది. అయిదు నిమిషాల పని.

ఉద్యోగము పోతుందనుకున్నాడు. పోలేదు. అధికారి అన్న మాట ఇది: “తప్పు అయిదు నిమిషాలది. అబద్ధము గంటన్నరది.” తెల్లవారి లైన్‌మన్ గారికి క్షమాపణ చెప్పబోతే, ఆయన తడిసిన చొక్కా పిండుకుంటూ, “ఈసారి ముందే చెప్పు బాబూ” అని మాత్రము అన్నాడు. ఆ మాట ఈనాటికీ మా చెవులలో ఉన్నది.

నాటి నుండి మేము మూడు నియమాలు పాటిస్తున్నాము. మీకూ అవే చెబుతున్నాము. దూరపు యంత్రాన్ని ముట్టుకునే ముందు, పది నిమిషాలలో తానే తిరిగి లేచేటట్లు దానికి ఆజ్ఞ ఇవ్వండి. పని బాగుంటే ఆ ఆజ్ఞ రద్దు చేయవచ్చును, చెడితే యంత్రము పాత స్థితికి దానంతట అదే వస్తుంది. ఆ రాత్రి ఇది చేసి ఉంటే ఎవరూ తడవవలసిన పనే లేదు. రెండవది, చేయబోయేదానిని, వెనుకకు వచ్చే దారిని ముందుగా కాగితము మీద వ్రాసి మరొకరికి చూపండి. మూడవది, ఏదైనా చెడినప్పుడు అడగకముందే, “నేను ఇది ముట్టుకున్నాను” అని చెప్పండి.

పండుగనాడు డ్యూటీ పడుతుంది. అర్ధరాత్రి ఫోను మ్రోగుతుంది. టవరు ఎక్కేవారు బెల్టు, హెల్మెట్టు లేకుండా ఒక్క మెట్టు ఎక్కరాదు. పని సవ్యముగా సాగినన్నాళ్ళూ మనమెవరమో ఎవరికీ తెలియదు. అయినా ఎక్కడో గల్ఫులో ఉన్న కొడుకు స్వరము ఇక్కడి తల్లికి వినబడినప్పుడు, ఆ మధ్య దారిలో ఎక్కడో మన చేయి ఉన్నదనే తృప్తి చిన్నది కాదు.

తల్లిదండ్రులారా, మీ బిడ్డకు లెక్కలు వచ్చునా అని మమ్మును అడుగుతున్నారు. లెక్కలు మేము నేర్పగలము. చేసిన తప్పును ఇంటిలో భయము లేకుండా చెప్పుకొనే అలవాటు మాత్రము మీరే నేర్పి పంపవలెను. తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, వచ్చే ఆదివారము నుండి సాయంకాలము ఒక గంట మేము ఇక్కడే కూర్చుంటాము. పెన్సిలు, కాగితము తెచ్చుకోండి. మొదటి పాఠము ఆ 15 కిలోమీటర్ల లెక్క.