మూడు నెలల గవర్నరు



బడిలో హెడ్మాస్టరు సెలవు పెడితే ఏటవుతుంది? ఇంకో మాస్టరు ఆ కుర్చీలో కూర్చుంటారు. ఆయన్ని ఇన్‌ఛార్జి అంటాం. సెలవు అయిపోగానే ఆయన కుర్చీ దిగిపోతారు. బ్రిటిషు వాళ్ల కాలంలో ఒక తెలుగాయన ఇలాగే ఇన్‌ఛార్జి గవర్నరు అయ్యారు. ఆయన పేరు సర్ కూర్మా వెంకట రెడ్డి నాయుడు. ఈ రోజు ఆయన కథ చెప్పుకుందాం.

ఆయన 1875లో పుట్టారు. గోదావరి జిల్లాలో వకీలుగా పని చేశారు. జస్టిస్ పార్టీలో చేరారు. 1920లో మద్రాసు రాష్ట్రంలో మంత్రి అయ్యారు.

1929లో ప్రభుత్వం ఆయన్ని దక్షిణాఫ్రికాకు పంపింది. ఎందుకంటే, అంతకు ముందే మన విశాఖ, గంజాం పల్లెల నుంచి ఎంతోమంది కూలికి ఓడలెక్కి అక్కడికి వెళ్లారు. ఆడవాళ్లూ వెళ్లారు. చెరకు తోటల్లో పని చేశారు. చాలామంది తిరిగి రాలేదు. అక్కడున్న మనవాళ్ల మంచిచెడ్డలు చూడడం నాయుడు గారి పని. 1932 దాకా అక్కడున్నారు.

1936లో మద్రాసు గవర్నరు ఎర్‌స్కిన్ దొర సెలవు మీద వెళ్లారు. జూన్ నెలలో నాయుడు గారు ఆ కుర్చీలో కూర్చున్నారు. అప్పటికి మన జిల్లాలు కూడా మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి. అంత పెద్ద రాష్ట్రానికి తెలుగాయన గవర్నరు! కానీ మూడు నెలలు దాటాక, అక్టోబరు 1న దిగిపోయారు. ఆ కుర్చీ జనం ఇచ్చింది కాదు. దొరలు ఇచ్చారు, దొరలే తీసుకున్నారు.

1937లో ఎన్నికలు వచ్చాయి. అంతకు ముందు ప్రధానిగా ఉన్నది మన బొబ్బిలి రాజా గారు. ఆయన మీద వి.వి. గిరి గారు నిలబడ్డారు. బొబ్బిలిలోనే రాజా గారు ఓడిపోయారు! కాంగ్రెసు గెలిచింది గాని, వెంటనే మంత్రివర్గం వెయ్యలేదు. అప్పుడు గవర్నరు నాయుడు గారిని ప్రధానిగా పెట్టారు. జనం బలం ఆయన వెనక లేదు. ఏప్రిల్ 1న ఎక్కారు, జూలై 14న దిగారు. తరువాత రాజాజీ వచ్చారు. నాయుడు గారు 1942లో చనిపోయారు.

నాయుడు గారు చదువుకున్నారు, తెలివైనవారు. అయినా రెండుసార్లూ ఆయన కుర్చీ నెలల్లోనే పోయింది. బొబ్బిలిలో రాజుగారిని ఓడించింది మాత్రం ఓటు.

ఆ ఎన్నికలో అందరికీ ఓటు లేదు. ఆస్తి, పన్ను, చదువు లాంటివి చూసి ఇచ్చేవారు. కూలి చేసుకునే అమ్మకి ఎక్కడిది ఓటు? ఇప్పుడు పద్దెనిమిదేళ్లు నిండిన అందరికీ ఉంది. మీకు ఇప్పుడు చదవడం వచ్చింది గదా. ఓటర్ల జాబితాలో మీ పేరు ఉందో లేదో మీరే చదివి చూసుకోండి.