గొలుసు పొడవెంత?

హనుమాన్ జంక్షన్ దాటి గుడివాడ వైపు వెళ్తుంటే చేపల చెరువు గట్టున ఓ కావలి కుక్క. మెడకు మూరెడు గొలుసు. నీడ పక్కకు జరిగింది, కుక్క జరగలేకపోయింది. నీళ్ల గిన్నె అందలేదు.

దీనికీ చట్టం ఉందా? ఉంది. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం, 11వ సెక్షన్. మరీ పొట్టి గొలుసుతోనో, మరీ బరువైన గొలుసుతోనో హద్దు మీరినంత సేపు కట్టి ఉంచడం నేరం. ఎప్పుడూ కట్టే ఉంచే కుక్కను కాసేపైనా తిప్పకపోవడమూ నేరమే. తిండి, నీళ్లు, నీడ యజమాని బాధ్యత. మొదటి తప్పుకు జరిమానా 50 రూపాయలు మించదు. అయినా నేరం నేరమే.

కట్టొద్దని చట్టం అనలేదు. కట్టి మరిచిపోవద్దంది. గొలుసు పొడవు పెంచండి. నీళ్లు అందేలా పెట్టండి. రోజూ కాసేపు తిప్పండి.