ఏ ఋతువులో చూశారు?



ఈ సదస్సుకు వచ్చిన పత్రాల్లో ఎక్కువ భాగం ఒకే లెక్క చెబుతున్నాయి: అడవి గురించి వేటగాళ్లలో ఇంతమంది ఇలా కోరుతున్నారు, మిగతా జనంలో ఇంతమంది అలా కోరుతున్నారు. లెక్క అవసరమే. ఆ కోరిక ఎక్కడ పుట్టిందో కూడా వెతకాలని నా మనవి. అందుకే అమెరికాలోని విస్కాన్సిన్ సంగతి ఎత్తుకుంటున్నాను.

1940ల మొదట్లో అక్కడ జింకలు మితిమీరి పెరిగాయి. తోడేళ్లు దాదాపు లేకుండాపోయాయి. నరికేసిన అడవిలో లేత చిగురు మొలిచింది. పైగా కొమ్ములున్న మగ జింకను తప్ప కొట్టకూడదన్న నియమం ఏళ్లుగా ఉంది. మంచు పడితే జింకలన్నీ సెడార్ చెట్ల పల్లాల్లో గుమిగూడేవి. అందినంత ఎత్తువరకు ఆకు మేసేసి, ఆపైన ఆకలితో చచ్చేవి. ఆ చావులు చలికాలం చివర్లో. వేటగాడు అడవికి వచ్చేది అంతకుముందే, నవంబరులో. అతనికి గుర్తున్నది నిండైన మంద. పట్నవాసికేమో ఆడ జింకను చంపడం మహాపాపం. ఇద్దరూ చెరో దారిన వచ్చి ఒకే మాట అన్నారు: ఆడ జింక జోలికి పోవద్దు.

అప్పుడు వన్యప్రాణి శాస్త్రవేత్త ఆల్డో లియోపోల్డ్ జింకల సమస్యపై వేసిన పౌరుల సంఘానికి అధ్యక్షుడై, సభ్యులను చలికాలంలో ఆ పల్లాలకే తీసుకెళ్లాడు. ఎముకలు తేలి పడివున్న జింకలను చూశాక చాలామంది మనసు మారింది. ఇళ్లలో ఉన్నవాళ్ల మనసు ఎలా మారుతుంది? 1943లో ఆడ జింకల వేటకూ అనుమతించారు. ఆ ఏడు సుమారు 1,28,000 జింకలు నేలకూలాయి. జనం భగ్గుమన్నారు. నింద లియోపోల్డ్ మీద పడింది.

అదే ఏడు తోడేలు తలకు మళ్లీ వెలకట్టే తీర్మానానికి ఆయన కూడా ఓటేశాడు. ఇది నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. మరుసటి ఏడే, పడుచుతనంలో తాము కాల్చిన తోడేలు కళ్లలో ఆరిపోయిన పచ్చని వెలుగు గురించి రాసినవాడాయన. జనాన్ని ఒప్పించే పనిలో తోడేలును వదులుకున్నాడని నేననుకుంటాను.

2021 ఫిబ్రవరిలో అక్కడే తోడేళ్ల వేట తెరిచారు. చంపడానికి పెట్టిన పరిమితి మొత్తం 200, అందులో 81 అక్కడి ఆదివాసులైన ఓజిబ్వే తెగల వాటా, 119 తక్కిన వేటగాళ్లది. తోడేలును తోబుట్టువుగా తలచే ఓజిబ్వేలు తమ వాటాను వేటాడలేదు. మూడు రోజులు నిండకముందే 218 తోడేళ్లు చచ్చాయి. తరతరాలుగా వేట తెలిసినవాళ్లే చంపబోమన్నారు. మీ ప్రశ్నావళిలో వాళ్లు వేటగాళ్లా, ప్రజలా?

మన నల్లమల చెంచులను ఏ గడిలో వేస్తాం? 2006 అటవీ హక్కుల చట్టం తేనె వంటి ఫలసాయంపై హక్కు గుర్తించింది. సంప్రదాయ వేటను మాత్రం విడిగా పేర్కొని మినహాయించింది. వేటను మళ్లీ తెరవమని నేననను. అడుగుజాడ చూసి జంతువును పోల్చే చెంచుల విద్యకు, అడవి గురించి నిర్ణయాలు జరిగేచోట పీట వేయమంటాను.

ఇక పత్రాలు మొదలుపెడదాం. చదివేవారికి ఒక్క విన్నపం: మీకు జవాబిచ్చినవాళ్లు ఆ అడవిని చివరిసారి ఏ ఋతువులో చూశారో కూడా చెప్పండి.