సంఘం ఈమెయిల్ ఖాతా – కార్యదర్శుల బాధ్యత

(కార్యదర్శుల శిక్షణ తరగతిలో సహకార ఇన్‌స్పెక్టర్ చేసిన ప్రసంగ పాఠం)



పాల సేకరణ గురించి, వెన్న శాతం గురించి మేము మీకు కొత్తగా చెప్పగలిగింది తక్కువ. రెండు పూటలా ఆ పని చేస్తున్నవారు మీరే. ఈరోజు మాకు అప్పగించిన విషయం వేరు. సమాఖ్య తన సొంత సర్వర్ మీద ప్రతి సంఘానికీ ఈమెయిల్ ఖాతా ఇచ్చింది. దానిని ఎవరు వాడాలి, చేతులు మారినప్పుడు ఏం చేయాలి అన్నదే నేటి ప్రసంగం.

ముందుగా జరిగిన సంగతి ఒకటి మనవి చేస్తాము. ఒక సంఘంలో కార్యదర్శి అనారోగ్యం వల్ల పదవి విడిచారు. రశీదు పుస్తకాలు, నగదు నిల్వ, పాల పరీక్ష పరికరాలు, బీరువా తాళంచెవులు అన్నీ జాబితా రాసి కొత్తవారికి అప్పగించారు. ఆ జాబితా సరిచూసి మేమూ సంతకం చేశాము. అందులో ఈమెయిల్ ఖాతా లేదు. మేమూ అడగలేదు.

కొన్ని నెలలకు పశువుల బీమా కొనసాగింపుకు జాబితా పంపమని సంఘానికి ఉత్తరం వచ్చింది. అది పాత కార్యదర్శి ఫోనుకే చేరింది. కొత్తవారికీ వచ్చే ఉంటుందని ఆయన అనుకున్నారు. గడువు దాటిపోయింది. ఆ తరువాత ఒక సభ్యురాలి గేదె చనిపోయింది. ఆమె పాసుబుక్కులో ఉన్నవన్నీ ఆ ఒక్క గేదె పాలే. బీమా సొమ్ము రాలేదు. ఇందులో దొంగతనం లేదు, దురుద్దేశం లేదు. అప్పగింతలో ఒక వరుస తప్పిపోయింది, అంతే.

సొంత సర్వర్ అంటే సొంత పోస్టాఫీసు అనుకోండి. అందులో రెండు ప్రోగ్రాములు ముఖ్యం. పోస్ట్‌ఫిక్స్ అనేది ఉత్తరాలను అందుకుంటుంది, పంపుతుంది. డవ్‌కాట్ అనేది పాస్‌వర్డ్ సరిచూసి, ఎవరి పెట్టె వారికి తెరుస్తుంది. వీటికి మనుషులు తెలియరు. జాబితాలోని చిరునామా, దాని పాస్‌వర్డ్ మాత్రమే తెలుసు. ఫలానావారు పదవి దిగిపోయారని మనం చెప్పకపోతే వాటికి తెలిసే దారి లేదు.

కాబట్టి కొన్ని నియమాలు పాటించవలసి ఉంది.

మొదటిది: సంఘం చిరునామా పదవి పేరు మీద ఉండాలి, మనిషి పేరు మీద కాదు. కార్యదర్శి మారినా పాత ఉత్తరాలు పెట్టెలోనే ఉంటాయి.

రెండవది: ఒక పాస్‌వర్డ్‌ను నలుగురు వాడరాదు. టెస్టరుకు ఉత్తరాలు పంపే అవసరం ఉంటే ఆయనకు వేరే ఖాతా అడగండి. అందరూ ఒకే ఖాతా వాడితే, తప్పుడు లెక్క వెళ్లినప్పుడు పంపినది ఎవరో తేలదు. సరిగా అమర్చిన సర్వర్ పాస్‌వర్డ్‌ను ఉన్నదున్నట్టు దాచదు, తిరిగి చదవలేని రూపంలోకి మార్చి ఉంచుతుంది. మరచిపోతే కొత్తది ఇస్తారు గాని పాతది ఎవరూ చెప్పలేరు. అందువల్ల ఫోను చేసి మీ పాస్‌వర్డ్ అడిగినవారు ఎవరైనా సరే, చెప్పకండి.

మూడవది అతి ముఖ్యం. కార్యదర్శి మారిన రోజే సమాఖ్య కంప్యూటర్ విభాగానికి తీర్మానం నకలు పంపి మూడు పనులు కోరాలి. పాస్‌వర్డ్ మార్చడం ఒకటి. అంతటితో పని అయిపోదు. అప్పటికే తెరిచి ఉన్న ఫోను ఆ లంకె తెగేదాకా ఉత్తరాలు చూపుతూనే ఉండవచ్చు. అందుచేత తెరిచి ఉన్న లంకెలన్నీ తెంచమనడం రెండవది. వచ్చిన ఉత్తరాల నకళ్లు వేరే చిరునామాకు పంపే ఏర్పాటు ఏదైనా పెట్టెలో ఉందేమో చూసి తీసివేయమనడం మూడవది. పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన ఆ ఏర్పాటు ఆగదు.

నాలుగవది: సొంత పేరుతో ఖాతా ఉన్న ఉద్యోగి వెళ్లిపోతే ఆ ఖాతాను వెంటనే చెరిపివేయమనకండి. ప్రవేశం ఆపి, ఉత్తరాలు ఉంచమనండి. ఆడిట్‌లో అవి ఓచర్లంత అవసరం కావచ్చు.

ఇందుకు పెద్ద రిజిస్టరు అక్కరలేదు. చిరునామా, వాడేవారి పేరు, తెరిచిన తేదీ, తీర్మానం నంబరు, మూసిన తేదీ – ఈ ఐదు గళ్లు చాలు. ఇకమీదట తనిఖీకి వచ్చినప్పుడు నగదు పుస్తకంతో పాటు ఈ పేజీ కూడా అడుగుతాము. అప్పగింత జాబితాలో ఈమెయిల్ వరుస లేకపోతే మేము సంతకం చేయము. ఒకసారి చేసి ఏం జరిగిందో చూశాము.

సందేహాలుంటే ఇప్పుడే అడగవలసిందిగా కోరుతున్నాము.