జొన్న, కొఱ్ఱ చేల తెగుళ్ళు



హింగారి కాలమున గుత్తి కోటపైకెక్కి చూచినవారికి రెండు రంగుల భూమి కానవచ్చును. ఒకవైపు ఎఱ్ఱనేల, మఱియొకవైపు నల్లరేగడి. ఎఱ్ఱనేలలో ఇప్పుడు వేరుసెనగయే ప్రధానమైనది. పూర్వము కొఱ్ఱ, సజ్జ, జొన్న పండిన పొలములను అది చాలవఱకు ఆక్రమించినది. అయినను, 2023వ సంవత్సరమును ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించిన తరువాత, విడిచిపెట్టిన పంటలను మరల వేయు రైతులు అక్కడక్కడ కనబడుచున్నారు. పంట మరలివచ్చినపుడు దాని తెగుళ్ళును మరలివచ్చును. తాతలకు తెలిసిన గుఱుతులు మనుమలకు తెలియకపోవుటచేత నేడు ఈ ప్రసంగము అవసరమైనది.

కొంతకాలము క్రిందట గుత్తికి సమీపమున నొక పల్లెలో జొన్న కళ్ళమునొద్ద నిలిచియుంటిని. రాతిగుండు తిరుగుచుండగా నల్లని పొడి పొగవలె లేచి, ఎద్దుల ముట్టెలను, మనుష్యుల కనుబొమలను కప్పుచుండెను. కళ్ళము యజమాని డెబ్బది యేండ్ల వృద్ధుడు. "ఇదేమి పెద్దాయనా?" అని యడిగితిని. "ఏం జెప్పేది సామీ, కంకి పాలు పోసుకునేటప్పుడు చెడ్డగాలి సోకింది. కాటుక పట్టింది. మన చేతిలో ఏముంది?" అనెను. ఆ ప్రక్కనే ఆయన కోడలు చక్కని కంకులను ఏరి వేఱుగ పెట్టుచుండెను. అవి వచ్చే సంవత్సరపు విత్తనమట. ఆ కంకులపైకూడ నల్లపొడి పలుచగా వ్రాలుచుండెను.

ఆ వృద్ధుడు చెప్పిన మాటలో తెగులు పేరు సరియైనదే. కారణము మాత్రము సరికాదు. గింజకాటుక గాలివలన ఆ యేడు వచ్చినది కాదు. అంతకు ముందటి యేడు అదే కళ్ళములో, అదే గుండు క్రింద, మంచి గింజకు అంటుకొని ఇంటికి వచ్చినది. దాని నడక వినుడు. తెగులు సోకిన కంకిలో గింజకు బదులు మట్టిరంగు కలిసిన తెల్లని చిన్న సంచులు పుట్టును. అవి కోలగా నుండి, గింజకంటె కొంచెము పొడవుగా పొట్టునుండి పైకి పొడుచుకొని యుండును. నలిపి చూచినచో లోపల కాటుక. ఆ కాటుకలోని ప్రతి రేణువును శిలీంధ్రమునకు విత్తనమే. నూర్పిడిలో సంచులు పగిలి రేణువులు మంచి గింజల పైపొరకు అంటుకొనును. పొడిగా నిలువయున్నచో అవి పదియేండ్లకు మించియు చావవు. గొఱ్ఱుతో విత్తిన నాడు గింజతోపాటు అవియు పదనుకు మొలచి, మొలక నేలనుండి బయటపడకముందే దానిలో ప్రవేశించును. అటుపిమ్మట పైరుతోపాటు లోలోపల పెరుగును. రైతు చూచుటకు పైరు నిగనిగలాడుచునే యుండును. కంకి వెడలిన నాడుగాని దొంగ బయటపడడు. అప్పుడు ఏ మందు చల్లినను ప్రయోజనము లేదు.

అయితే ఇందులోనే మన యదృష్టమును గలదు. రేణువులు గింజకు పైపైననే అంటియుండును, లోపలికి పోవు. కనుక విత్తుటకు ముందు గింజ పైపొరను శుద్ధిచేసిన చాలును. పూర్వము మదరాసు రాజధానిలో వ్యవసాయశాఖవారు మైలుతుత్తపు నీటిలో విత్తనములను కొద్దిసేపు ముంచి ఆరబెట్టుమని బోధించెడివారు. అది మంచి సాధనమే కాని, నీటిలో ఎక్కువసేపు ఉంచినచో మొలక దెబ్బతినెడిది. తరువాత మెత్తని గంధకపుపొడి దాని స్థానమును పొందినది. కిలో విత్తనమునకు నాలుగు గ్రాముల గంధకము చాలును. థైరమ్ అను మందు దొరకినచో కిలోకు మూడు గ్రాములు. ఒక కుండలో మూడింట రెండు వంతులు మాత్రమే విత్తనము పోసి, పొడి వేసి, మూతి గట్టిగా కట్టి, ప్రతి గింజకును పొడి అంటువఱకు దొర్లింపవలెను. ఆ కుండను మరల వంటకు వాడరాదు. శుద్ధిచేసిన గింజ మిగిలినచో పిండి విసరుకొనుటగాని, పశువులకు కోళ్ళకు వేయుటగాని కూడదు. ఈ మాట ఇంటి ఆడవారికి స్పష్టముగా చెప్పవలెను, ఏలనన విత్తనపుకుండ వారి చేతిమీదనే యుండును.

ఇక్కడ బార్లీని గూర్చి యొక మాట. మన ప్రాంతమున యవలు పూజాద్రవ్యముల అంగడిలోను, జ్వరము వచ్చినవారి గంజిలోను కనబడునే గాని పొలములో కనబడవు. ఉత్తర హిందూస్థానమున అది గొప్ప పైరు. దానికి రెండు కాటుకలు గలవు. ఒకటి మన గింజకాటుకకు దాయాది. గింజపైననే యుండును, విత్తనశుద్ధితో పోవును. రెండవది మాయలమారి. పూతకాలమున గాలితో వచ్చి, గింజలోని మొలకభాగములోనే దాగును. పైపూత మందులు దానిని తాకజాలవు. గోధుమలోను ఇట్టిదే గలదు. దీనికై లాయల్‌పూరులో లూథ్రా అను శాస్త్రజ్ఞుడు తన సహచరుడైన సత్తారుతో కూడి 1934 ప్రాంతమున ఎండవైద్యమును కనుగొనెను. మండువేసవిలో ఉదయము నాలుగు గంటలసేపు విత్తనమును నీట నానబెట్టి, మధ్యాహ్నపుటెండలో పలుచగా పఱచి ఎండబెట్టుటయే ఆ వైద్యము. లోపల మేల్కొనిన శిలీంధ్రము వేడికి చచ్చును, గింజ బ్రతుకును. ఇక బార్లీ, గోధుమల త్రుప్పుతెగులు కథ వేఱు. వేసవిలో అది కొండలపై బ్రతికి, గాలులతో మైదానములకు దిగునని ఆగ్రాలో ఆచార్య మెహతా నిరూపించెను. తట్టుకొను విత్తనమును వేయుట తప్ప ఒక్క రైతు తన పొలములో నిలిచి ఆ గాలి నాపలేడు. మన గింజకాటుక మాత్రము అట్టిది కాదు, మన కుండలోనే ఆగగలదు.

జొన్నకు మఱికొన్ని కాటుకలును గలవు. తలకాటుకలో కంకి అంతయు ఒకే పెద్ద సంచియై, తెల్లని పొర చినిగి, నల్లపొడి రాలి, చివరకు చిక్కువడిన దారములవంటి పీచు మిగులును. ఇది భూమిలో నిలిచియుండును గనుక విత్తనశుద్ధి యొక్కటే చాలదు. పొర చినుగకముందే గుడ్డసంచిని కంకికి తొడిగి, కోసి, చేనికి దూరముగా కాల్చవలెను. కోసిన కంకిని గట్టుమీద పాఱవేయుట కోయకుండుటకంటె మేలు కాదు. పొడవుకాటుకలో కంకికి కొన్ని గింజలు మాత్రమే కొమ్ములవలె వంగి సాగును. అది గాలితో వచ్చునది, విత్తనపు మందుకు లొంగదు, నష్టమును సాధారణముగా కొద్దియే.

కొఱ్ఱ, సజ్జలకు వచ్చు వెఱ్ఱికంకి తెగులును గుఱుతించుటకు తెల్లవాఱుజామే తగిన సమయము. మంచు ఆరకముందు ఆకును త్రిప్పి చూడుడు. అడుగున తెల్లని బూజు నూగువలె నుండును. ఎండ ఎక్కిన తరువాత వెళ్ళినవారికి అది కానరాదు. ఆకు పాలిపోవునని మాత్రమే చెప్పుదురు. తరువాత ఆకులు నిలువున చీలికలగును. కంకిలో గింజలకు బదులు పచ్చని ఆకుల కుచ్చు పుట్టును. ఈ తెగులు బీజములు నేలలో ఏండ్లతరబడి నిలుచును గనుక తొలిదశలోనే అట్టి మొక్కలను పీకి తగులబెట్టవలెను, మఱుసటి యేడు ఆ చేనిలో వేఱు పైరు వేయవలెను. నంద్యాల వ్యవసాయ పరిశోధనాస్థానము 1906లో ఏర్పడినది, గుత్తికి దూరమైనది కాదు. అక్కడినుండి వచ్చిన సూర్యనంది మొదలైన కొఱ్ఱ రకములను గూర్చి మీ మండలపు వ్యవసాయాధికారిని విచారింపుడు.

సజ్జ పూతకు వచ్చినపుడు మబ్బు, ముసురు పట్టినచో కంకినుండి తేనెవంటి బంక కారును. చీమలు మూగును. కొన్నాళ్ళకు అక్కడ గింజకు మాఱుగా నల్లని గట్టి ముద్దలు ఏర్పడును. ఇది విషము. ధాన్యములో కలిసి వంటలోనికి పోయినచో వాంతులు, తలత్రిప్పు, మగత కలుగును. ఉప్పు బాగుగా కలిపిన నీటిలో గింజను పోసినచో ఆ ముద్దలు తేలును. వాటిని తీసివేసి, గింజను మంచినీట కడిగి ఆరబెట్టవలెను.

నల్లరేగడి జొన్నలో మసికుళ్ళు అనునది కరువుకు తోబుట్టువు. గింజ పాలు పోసుకొను సమయమున నేలలో పదను తఱిగినచో దంటు అడుగున మెత్తబడి, చేను ఒక్కసారి పడిపోవును. దంటును చీల్చిన లోపల బూడిదవంటి నల్లని చుక్కలు. ఒత్తుగా విత్తినచోటను, నత్రజని యెరువు హెచ్చుగా వేసినచోటను ఇది విజృంభించును. పలుచగా విత్తి, గుంటక తోలి పదను నిలుపుకొనుటయే దీనికి మందు. మాల్దండి 35-1 రకము కొంత తట్టుకొనును.

తెగులు గుఱుతు తప్పినచో ఎంత ముప్పు కలుగునో ఈ జిల్లాకే తెలియును. 2000వ సంవత్సరపు ముంగారులో అనంతపురము జిల్లాలో రెండు లక్షల హెక్టారులకు మించి వేరుసెనగ మాడిపోయెను. మొదట అది అందఱెఱిగిన మొవ్వకుళ్ళు అని తలచిరి. పరీక్షింపగా అది వేఱొక వైరసు, పొగాకు పైరుకు సంబంధించిన పేరుగలది. గట్లపై నిండిన వయ్యారిభామ పుప్పొడిని తామరపురుగులు మోసికొనివచ్చి పైరుకు అంటించెనని తేలినది. అందుచేత వయ్యారిభామను పూతకు ముందే పీకుడని, వేరుసెనగ చేని చుట్టును జొన్నగాని సజ్జగాని కొన్ని సాళ్ళు దట్టముగా కంచెవలె వేయుడని చెప్పుచున్నారు. మనము విడిచిన జొన్నయే వేరుసెనగకు కావలి కావలసి వచ్చినది.

చివరగా జొన్నమల్లె. ఇది శిలీంధ్రము కాదు, పూలుపూయు చిన్న మొక్క. జొన్న వేళ్ళను పట్టి రసమును పీల్చును. పదను ఉన్నను పైరు వాడిపోవుచున్నచో మొదళ్ళవద్ద వంగి చూడుడు, తెల్లని చిన్న పూలు కనబడును. ఒక్క మొక్కకు వేలకొలది గింజలు, అవి ధూళికంటె సన్నము, నేలలో ఇరువది యేండ్లవఱకు బ్రతుకగలవు. కావున పూయకముందే పీకవలెను. పూచిన తరువాత పీకి గట్టున వేయుట విత్తుటయే. ప్రత్తి వేరు దాని గింజను మొలిపించునుగాని ఆహార మీయదు, అది మొలచి చచ్చును. అట్టి చేనిలో జొన్నను రెండు మూడేండ్లు మాని ప్రత్తి వేయవచ్చును.

ఆ కళ్ళమునొద్ది వృద్ధుడు నా మాట పూర్తిగా నమ్మెనని చెప్పజాలను. "గంధకం వాసనకు దేవుడు వానిస్తాడా?" అని నవ్వెను. కాని ఆయన కోడలు మాత్రము ఏరిన కంకులను బుట్టలోనికెత్తి, గుండు తిరుగు చోటునకు దూరముగా, గాలికి ఎదురుదిక్కున వేపచెట్టు క్రిందికి తీసికొనిపోయి పెట్టెను.