ప్రోగ్రామర్లకు శీఘ్రదర్శన పటములు

వినుటకే గాని చూచుటకు వీలులేని రేడియోలో పటములను గూర్చి ప్రసంగింప బూనుట కొంత సాహసమే. అయినను శ్రోతలలో పెక్కుమంది యిండ్లలో నేడు కంప్యూటరు విద్య నభ్యసించు పిల్లలున్నారు. వారు చదువుకొను బల్ల యెదుట గోడమీద, గడులును బాణపు గుర్తులును రంగులును గల కాగితమొకటి అతికించి యుండుట మీరు చూచియే యుందురు. పెద్దలు దానిని పరీక్షల పట్టికయో, క్రికెట్టు ఆటల పట్టికయో యనుకొని ఊరకుందురు. ఆ కాగితమును గూర్చియే నేడు ముచ్చటించెదము.

కంప్యూటరు పరిభాషలో ‘లైబ్రరీ’ యనగా వేటపాలెములోని సారస్వత నికేతనమువంటి గ్రంథాలయము గాదు. ఇతరులు మునుపే వ్రాసి, పరీక్షించి, అందఱి యుపయోగమునకై యుంచిన ప్రోగ్రాము భాగముల రాశి అది. వడ్రంగి తన ఉలిని తానే పోతపోసికొననట్లు, ప్రోగ్రామరు ప్రతి లెక్కను మొదటినుండి వ్రాయడు. లైబ్రరీలోని పనిముట్టును పేరుపెట్టి పిలుచును. చిక్కంతయు ఆ పేళ్లలోనే యున్నది. 1996లో జావా భాష వెలువడినప్పుడు దాని సొంత లైబ్రరీలో ‘క్లాసు’ లనబడు భాగములు సుమారు 200 మాత్రమే. 2014లో వచ్చిన ఎనిమిదవ వెర్షను నాటికి అవి 4,000 దాటినవి. ఒక్కొక్క క్లాసులో మరల ఎన్నియో పనిముట్లు. ఇంతటి దానిని కంఠస్థము చేయువాడు లేడు. చేయవలసిన పనియు లేదు.

ఈ యిబ్బంది తొలినాళ్లనుండియు నున్నదే. 1964లో ఐ.బి.ఎం. వారు ‘సిస్టమ్ 360’ అను యంత్రశ్రేణిని ప్రకటించిరి. దాని వివరణ గ్రంథము బల్లమీద నుండెడిది. ప్రోగ్రామరు జేబులో మాత్రము ఆకుపచ్చని మడత కార్డొకటి యుండెడిది. యంత్రమునకు తెలిసిన ఆజ్ఞలన్నియు, వాని సంకేతములు అందులో నిమిడ్చిరి. తరువాతి యంత్రశ్రేణికి పసుపుపచ్చని కార్డు వచ్చినది. నేటి పిల్లలు ఇట్టి కాగితమును ‘చీట్ షీట్’ అందురు. పరీక్షలో దాచుకొను చీటీని తలపించు ఈ పేరు మాకు నచ్చదు. దాచవలసిన దోషమేమియు ఇందు లేదు.

ఈ విద్య మనకును క్రొత్తది కాదు. సంగీతము నేర్చిన యిండ్లవారు 72 మేళకర్తల చక్రమును ఎఱుగుదురు. మొదటి 36 మేళములు శుద్ధమధ్యమమునకు, తక్కిన 36 ప్రతిమధ్యమమునకు చెందినవి. ‘ధీరశంకరాభరణము’ అను పేరులో ధకారమునకు 9, రకారమునకు 2. కటపయాది నియమముచొప్పున త్రిప్పి చదివిన 29. అట్లే ‘మేచకల్యాణి’ 65. రెంటికి భేదము సరిగా 36 అగుటచే, గుండ్రని చక్రములో అవి రెండును ఎదురెదురుగా నిలుచును. మధ్యమము తప్ప తక్కిన స్వరములన్నియు వానికి ఒక్కటే యని చూచినంతనే తెలియును. ఆ రాగములనే అకారాదిగా జాబితా వ్రాసినచో ఈ చుట్టరికము కానరాదు. జాబితా అడిగినదానికి బదులు చెప్పును. పటము అడుగ దోచని దానిని గూడ ప్రక్కనే చూపును.

ఇట్టి పటము గీయువాడు దేనిని విడువవలెనో ముందుగా తెలిసికొనవలెను. 1931లో లండను భూగర్భ రైల్వేకు హారీ బెక్ అను నక్షాలు గీయు ఉద్యోగి క్రొత్త పటమొకటి గీసెను. 1933లో అది అచ్చయ్యెను. మైళ్ల దూరములను, మార్గపు వంకరలను ఆయన తీసివైచెను. ఏ స్టేషను తరువాత ఏది, ఎచట బండి మారవలెను – ఇంతమాత్రమే నిలిపెను.

మా ప్రాంతమునకు దీనిని అన్వయించి చూడుడు. బాపట్లకును రేపల్లెకును ఎంతో దూరము లేదు; బస్సెక్కినవాడు తెనాలి ముఖము చూడకయే పోవచ్చును. రైలులో పోదలచిన వానికి మాత్రము వేఱు దారి లేదు. బాపట్లనుండి పైకి తెనాలి చేరి, అచట బండి మారి, మరల క్రిందికి రేపల్లె దాక పోవలెను. ఆ శాఖామార్గము అక్కడితో సరి. ప్రయాణికునకు కావలసినది తెనాలిలో మారవలెనన్న ఒక్క మాటయే.

ప్రోగ్రామరునకును ఇట్టి జంక్షన్లు కలవు. పైథాన్ భాషలో పట్టికలను సంస్కరించుటకు ‘పాండాస్’ అను లైబ్రరీ కలదు. వర్షపాతపు లెక్కలు రోజువారీగా నున్నవనుకొందము. వానిని నెలలవారీగా కూడదలచినవాడు నేరుగా కూడబోయిన యంత్రము మొండికెత్తును. కారణమేమన, తేదీలని మనము చదువుచున్నవి యంత్రమునకు వట్టి అక్షరములు. ముందు వానిని నిజమైన తేదీలుగా మార్చి, పిమ్మట నెలలుగా కూర్పవలెను. వివరణ గ్రంథములో ఈ రెండును వేర్వేఱు అధ్యాయములలో నుండును. పటములోనో, ఒక బాణపు గుర్తు చాలును.

పాండాస్ సంస్థ వారే రెండు పుటల పటమును ప్రకటించినారు. అందు మాటలకన్న రంగుల గడులే యెక్కువ. రెండు పట్టికలను జతచేయు విధము చూడుడు. మొదటి పట్టికలో తెనాలి, బాపట్ల, రేపల్లెల వర్షపాతము. రెండవదానిలో బాపట్ల, రేపల్లె, చీరాలల ధాన్యపు దిగుబడి. వీనిని ‘మెర్జ్’ అను ఆజ్ఞతో జతచేసి, మరేమియు చెప్పకున్నచో, రెంటిలోను ఉన్న బాపట్ల, రేపల్లెలే మిగులును. తెనాలి, చీరాల మాయమగును. తప్పు జరిగినదని యంత్రము హెచ్చరింపదు. అది కోరిన ఆజ్ఞను చక్కగా నెరవేర్చినది! మొదటి పట్టికను పూర్తిగా నిలిపి దిగుబడి గడిని ఖాళీగా వదలు పద్ధతి వేఱు, నాలుగు ఊళ్లను నిలుపు పద్ధతి వేఱు. చిత్రములో ఈ విధములు ప్రక్కప్రక్కన నుండును గనుక, ఊరు మాయమగునని విద్యార్థికి ముందే తెలియును.

ఇప్పుడు కృత్రిమ మేధను అడిగిన క్షణములో ప్రోగ్రాము వ్రాసి యిచ్చుచుండగా గోడ పటములెందుకని కొందఱు మిత్రులు మమ్ము ప్రశ్నించిరి. అడుగుట తెలిసినవానికి అది మంచి సహాయమే. తెనాలి మాయమైనదని గుర్తింపనివాడు ఏమని యడుగును?

మా తప్పొకటి చెప్పుకొనవలసి యున్నది. 2021లో బడులు మూతపడిన రోజులలో, తెనాలిలో మా యింటికి చదువుకొనుటకు వచ్చు పిల్లలకొఱకు పాండాస్ పటమొకటి తెలుగు మాటలతో మేమే గీసితిమి. ప్రతులు తీయించి పంచిపెట్టితిమి. పట్టిక క్రింద క్రొత్త వరుస చేర్చుటకు ‘అపెండ్’ అను ఆజ్ఞను వ్రాసితిమి, ఆనాటికది సరియైనదే. 2022 జనవరిలో పాండాస్ వారు ఆ యాజ్ఞ తొలగిపోనున్నదని హెచ్చరించిరి. 2023 ఏప్రిలులో వచ్చిన రెండవ వెర్షనులో దానిని తీసివైచి, ‘కన్‌క్యాట్’ వాడుడనిరి. మేము పటమును దిద్దలేదు. దానిమీద తేదియు లేదు.

రేపల్లెనుండి వచ్చెడి బాలిక యొకతె ఆ యేడు ఉద్యోగపు పరీక్షకు కూర్చున్నది. అచటి యంత్రములో క్రొత్త వెర్షను. ‘అపెండ్’ అను గుణము లేదని యంత్రము తిరస్కరించినది. మామూలు పైథాన్ జాబితాలకు అదే పేరుగల ఆజ్ఞ నేటికిని పనిచేయును గనుక, ఆమె తన వ్రాతలోనే దోషమున్నదనుకొని అరగంట వెదకినది. ఉద్యోగము రాలేదు. “మీ పటములో అట్లే ఉన్నదండీ మాస్టారూ” అని మాత్రమన్నది. మేము తల వంచుకొంటిమి.

నాటినుండి అచ్చుపటములు పంచుట మానితిమి. పిల్లలచేతనే గీయించుచున్నాము. ఒక్క కాగితము, ఇరువదికి మించని ఆజ్ఞలు. ప్రతి యాజ్ఞయు యంత్రముమీద నడిపి చూచిన పిమ్మటనే గడిలోనికెక్కవలెను. అక్షరక్రమము పనికిరాదు, చదువుట, ఏరుట, జతచేయుట, కూడుట అని పని వరుసనే యుండవలెను. ఆవగింజలంత అక్షరములతో సర్వము ఇమిడ్చినవాడు మరల గీయవలెను. బాపట్ల ఇంజనీరింగు కళాశాలలో చదువు పిల్లవాడొకడు మూడుసార్లు గీసినాడు. మూడవదానిలో పదునాలుగు ఆజ్ఞలే మిగిలినవి. అన్నిటికన్న అదియే బాగున్నది.

ఆ రేపల్లె బాలికయు క్రొత్త పటము గీసినది. తేదీలను మార్చు గడి ప్రక్కన పెన్సిలుతో ‘తెనాలి’ అని వ్రాసికొన్నది. క్రింది మూలను పాండాస్ వెర్షను సంఖ్యయు, గీసిన తేదియు ఎఱ్ఱసిరాతో నున్నవి. రాబోవు సంక్రాంతి సెలవులలో దానిని మరల యంత్రముమీద సరిచూడవలెనని అనుకొన్నాము.